కేసీ మస్‌గ్రేవ్స్ ‘గోల్డెన్ అవర్’: కంట్రీ వినని మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

కంట్రీ సంగీతం అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి టోపీ, బూట్లు, పికప్ ట్రక్కు, బీరు. ఏళ్ళ తరబడి అమెరికాలో ఉంటున్నవాళ్ళు కూడా కారు రేడియోలో ఆ స్టేషన్ తగిలితే వెంటనే మార్చేస్తారు. అలాంటివాళ్ళు ఎవరైనా “సరే, ఒక్కటి చెప్పు, వింటాను” అంటే నేను చెప్పేది ఈ ఆల్బమ్ పేరే. విన్నాక, ఒక్కోసారి వినకముందే, వాళ్ళు అడిగే ప్రశ్నలు ఇవి.

ఇంతకీ ఎవరిది, ఎప్పటిది?

టెక్సస్ గాయని, పాటల రచయిత్రి కేసీ మస్‌గ్రేవ్స్‌ది. 2018 మార్చి 30న ఎంసీఏ నాష్‌విల్ సంస్థ విడుదల చేసింది. 13 పాటలు, అన్నీ కలిపి ముప్పావు గంట. అప్పటికే 2013లో, 2015లో ఒక్కో ఆల్బమ్, 2016లో ఒక క్రిస్మస్ ఆల్బమ్ చేసింది. 2013 నాటి ఆల్బమ్‌కి గ్రామీ కూడా వచ్చింది. కాబట్టి ఈమె రాత్రికి రాత్రి పైకొచ్చిన మనిషేం కాదు.

ఏ ఊరు ఆమెది?

గోల్డెన్. తూర్పు టెక్సస్‌లో చిన్న పల్లె. డాలస్ నుంచి తూర్పు దిక్కుగా కారులో గంటన్నర. చిలగడదుంపలకి పేరున్న ఊరు, ఏటా అక్టోబరులో వాటి పేరు మీదే ఉత్సవం జరుగుతుంది. ఫ్రిస్కోలోనో అర్వింగ్‌లోనో ఉండే మన కుటుంబాలకి వారాంతపు ప్రయాణమంత దూరం కూడా లేదు.

అమ్మానాన్నలది ప్రింటింగ్ వ్యాపారం. ఆమె చిన్నప్పుడే మాండొలిన్ పట్టుకుంది. 2007లో ‘నాష్‌విల్ స్టార్’ అనే టీవీ పాటల పోటీలో ఏడో స్థానంతో సరిపెట్టుకుని, ఆ తర్వాత కంట్రీ సంగీతానికి రాజధాని లాంటి నాష్‌విల్‌లో ఇతరులకి పాటలు రాసింది. కంట్రీ గాయని మిరాండా లాంబర్ట్‌కి పెద్ద హిట్ అయిన ‘మామాస్ బ్రోకెన్ హార్ట్’ రాసిన ముగ్గురిలో ఈమె ఒకరు. ఇది గుర్తుపెట్టుకోండి. గొంతు కంటే ముందు ఈమెకి కలం పేరు తెచ్చింది.

ఆల్బమ్ పేరు ఊరి పేరు మీద పెట్టిందా?

గోల్డెన్ అవర్ అంటే పొద్దు వాలేముందు ఫోటోగ్రాఫర్లు ఎదురుచూసే ఆ బంగారు వెలుతురు. టైటిల్ పాటలో ఆమె ప్రేమికుడే ఆ వెలుతురు. ఊరి పేరు కూడా అదే కావడం ఆమెకి కలిసొచ్చింది.

ఇది అసలు కంట్రీయేనా? నాకు పాప్‌లా వినిపించింది.

అందరూ ముందు అడిగేది ఇదే, అందుకే దీనికి కాస్త పెద్ద జవాబు.

వాయిద్యాలను బట్టి చూస్తే మీ అనుమానం న్యాయమే. ఫిడేలు మోత లేదు, బారులో తాగి ఏడ్చే పాట లేదు. సింథసైజర్లు ఉన్నాయి, గొంతుని యంత్రంలా మార్చే వొకోడర్ ఉంది, ఒక పాటలో పూర్తిగా 1970ల డిస్కో దరువు ఉంది. కొన్నిచోట్ల అదే కాలపు కాలిఫోర్నియా సాఫ్ట్ రాక్ గాలి వీస్తుంది.

కానీ కంట్రీ అనేది వాయిద్యాల జాబితా అని నేననుకోను. అది పాట రాసే పద్ధతి. మాటలు తేలిగ్గా ఉండాలి, బొమ్మ కట్టాలి, పల్లవి చివర ఒక మెలిక ఉండాలి. ఆ మెలిక విన్నప్పుడు “అరె, భలే తిప్పిందే” అనిపించాలి. అలంకారాలు పొలం నుంచో, వంటింటి నుంచో, వాకిట్లో నుంచో రావాలి. ఈ లెక్కన చూస్తే ‘గోల్డెన్ అవర్’ నిలువెల్లా కంట్రీయే.

డిస్కో పాట ‘హై హార్స్’ని తీసుకోండి. దరువు డాన్సు ఫ్లోరుది. మాటల్లో మాత్రం గుర్రం, పాత కౌబాయ్ సినిమాల హీరో జాన్ వేన్, ఊరొదిలి స్వారీ చేసుకుంటూ పొమ్మనడం! అన్నీ తనకే తెలుసని మిడిసిపడే మగాడికి చురక అంటించడానికి పాత కౌబాయ్ సినిమా సరంజామా మొత్తం దించేసింది. నాష్‌విల్‌లో పదేళ్ళు పాటలు రాసినవాళ్ళకి తప్ప ఇంకొకరికి ఆ చమత్కారం అంత సులువుగా రాదు.

ఏ పాటలో ఏం కలిసింది? కాస్త విడమర్చి చెప్పండి.

మొదటి పాట ‘స్లో బర్న్’ ఒక అకూస్టిక్ గిటార్‌తో మొదలవుతుంది. తొందరేం లేదు. ఒక్కో వాయిద్యం వచ్చి చేరుతుంటుంది, గొంతు మాత్రం ఎక్కడా పెరగదు. నేను పైకొస్తాను, కానీ నా నడకలోనే వస్తాను అని చెప్పే పాటకి అంతకన్నా తగిన కట్టు ఉండదు. ఇందులోనే ముక్కు కుట్టించుకున్నందుకు నాయనమ్మ ఏడ్చిందని ఒక వాక్యం వస్తుంది. మన ఇళ్ళల్లో కుట్టించుకోనంటే ఏడ్చే నాయనమ్మలున్నారు. టెక్సస్‌లో వ్యవహారం తలకిందులు.

‘ఓ, వాట్ ఎ వరల్డ్’ ఈ ఆల్బమ్ మొత్తానికి నమూనా. ముందు వొకోడర్‌లో నుంచి మరమనిషి గొంతులు వస్తాయి. అవి అయ్యీ అవ్వకముందే బాంజో అందుకుంటుంది. నిన్నటిదీ రేపటిదీ ఒకే గదిలో కూర్చున్నాయి, ఇద్దరికీ ఇబ్బంది లేదు. పాటలో ఉత్తర ధ్రువపు వెలుగులు, సముద్రంలో మెరిసే జీవులు, మనసు తెరిచే మొక్కలు వస్తాయి, చివరికి ఇన్ని వింతల మధ్య నువ్వొకడివి ఉన్నావు కదా అని తేలుతుంది.

‘లోన్లీ వీకెండ్’ పాత సాఫ్ట్ రాక్ దారిలో సాఫీగా వెళ్ళిపోతుంది. ‘లవ్ ఈజ్ ఎ వైల్డ్ థింగ్’లో మళ్ళీ బాంజో. ఆఖరి పాట ‘రెయిన్‌బో’కి వచ్చేసరికి పియానో, గొంతు తప్ప ఏమీ మిగలవు.

పెడల్ స్టీల్ అని అందరూ అంటుంటారు. అదేంటి?

కంట్రీ పాటలో ఏడుపులాగా జారే ఆ స్వరం దాని నుంచే వస్తుంది. గిటార్‌ని బల్లలా పడుకోబెట్టి, తీగల మీద వేళ్ళకి బదులు ఇనుప కడ్డీ నడుపుతారు. కింద కాళ్ళతో తొక్కే పెడల్స్, మోకాళ్ళతో నెట్టే మీటలు ఉంటాయి. తీగ మోగుతుండగానే వాటితో దాని శ్రుతి మార్చొచ్చు. అందుకే ఒక స్వరం నిలబడి ఉంటే పక్క స్వరం దాని కిందనుంచి జారుకుంటూ వెళ్తుంది. దీని పూర్వీకుడు హవాయి దీవుల నుంచి వచ్చిన గిటార్. పాత హిందీ సినిమా పాటల్లో వినిపించేది కూడా ఆ హవాయన్ గిటారే కాబట్టి మన చెవికి ఇది పూర్తిగా పరాయిదేం కాదు. ఈ ఆల్బమ్‌లో పెడల్ స్టీల్ ముందుకొచ్చి సోలో కొట్టదు, వెనక పొగమంచులా పరుచుకుని ఉంటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే పట్టుకోవచ్చు.

వొకోడర్ అంటే ఆటోట్యూనేనా?

కాదు. ఆటోట్యూన్ పాడిన స్వరాన్ని సరైన శ్రుతికి లాగుతుంది, గొంతు మీదే ఉంటుంది. వొకోడర్‌లో వినిపించేది సింథసైజర్ ధ్వని. మీ నోటి కదలికలు, అక్షరాల ఆకారం తీసుకుని దానికి తొడుగుతారు. అందుకే యంత్రం మాట్లాడినట్టుంటుంది. గొంతు బాగాలేక వాడింది అనుకునేవాళ్ళు ‘రెయిన్‌బో’ ఒక్కసారి వినండి.

‘స్పేస్ కౌబాయ్’ అంతరిక్షం పాటా?

పేరు చూసి అందరూ అలాగే అనుకుంటారు. అసలు కిటుకు అక్కడే ఉంది. పల్లవిలో ఆ రెండు పదాల మధ్య ఒక కామా పడుతుంది. నీకు దూరం కావాలా, తీసుకోవయ్యా కౌబాయ్ అని సాగనంపే పాట అది. కాగితం మీద సరదా పేరు, చెవిలో పడేటప్పటికి గుండె కలుక్కుమంటుంది.

ఈ పాట గొప్పతనం ఆ చమత్కారం ఒక్కటే అయితే రెండు మూడుసార్లకి విసుగొచ్చేది. కానీ దాని చుట్టూ కట్టినదంతా నిదానమే. పరుగెత్తాలని నిర్ణయించుకున్న గుర్రానికి గేటు మూసి లాభం లేదన్న మాట ఒకటి వస్తుంది. అరుపు లేదు, శాపనార్థాలు లేవు. మోసం చేసినవాడి కారు అద్దాలు పగలగొట్టే కంట్రీ పాటలు చాలా ఉన్నాయి. ఇక్కడ ఆమె తనే గేటు తీసి పక్కకి జరుగుతుంది. బాధ అందులోనే ఎక్కువ ఉంది. లూక్ లైర్డ్, షేన్ మెకనాలీలతో కలిసి రాసిన ఈ పాటకి ఉత్తమ కంట్రీ పాటగా గ్రామీ వచ్చింది. నా లెక్కలో ఆల్బమ్‌లో మొదటి స్థానం దీనిదే.

అన్నీ తనే రాసిందా? ముగ్గురేసి పేర్లు ఎందుకున్నాయి?

నాష్‌విల్‌లో అది మామూలే. మన సినిమాల్లో సంగీత దర్శకుడు ముందు ట్యూన్ ఇస్తే రచయిత దానికి మాటలు అతుకుతాడు. అక్కడ ఇద్దరో ముగ్గురో పొద్దున్నే అపాయింట్‌మెంట్ పెట్టుకుని ఒక గదిలో కూర్చుంటారు. గిటార్ ఒకరి చేతిలో, నోటుబుక్ ఇంకొకరి చేతిలో. మాట, బాణీ రెండూ కలిసే పుడతాయి. ఎవరు ఏ వాక్యం రాశారో తర్వాత వాళ్ళే చెప్పలేరు.

ఈ ఆల్బమ్‌లో పాత స్నేహితులు నాటలీ హెంబీ, మెకనాలీ, లైర్డ్ కొన్ని పాటల్లో ఉన్నారు. కొత్తగా వచ్చినవాళ్ళు డేనియల్ టాషియన్, ఇయాన్ ఫిచుక్. ‘స్లో బర్న్’ లాంటి పాటల్లో రచయితలుగానూ ఉన్నారు, ఆమెతో కలిసి ఆల్బమ్ మొత్తానికి నిర్మాతలు కూడా వాళ్ళే. ఇద్దరికీ రకరకాల వాయిద్యాలు వచ్చు. ఆల్బమ్ అంతా ఒకే గాలిలో ఉండటానికి అసలు కారణం ఈ చిన్న గుంపు.

గుర్రపు శాలలో రికార్డు చేశారంట, నిజమేనా?

శాలలో కాదు, శాల పైన. గాయని షెరిల్ క్రోకి నాష్‌విల్‌లో ఉన్న స్టూడియో గుర్రాల కొట్టం మీది అంతస్తులో ఉంటుంది. చాలావరకు అక్కడే పని జరిగింది. కౌబాయ్ పాట పాడుతుంటే కింద నిజమైన గుర్రాలుండటం కంటే ఏం కావాలి!

‘మదర్’ అంత చిన్న పాటేంటి? సగంలో ఆపేశారా?

నిమిషంన్నర కూడా ఉండదు, పూర్తి పాటే. దూరంగా ఉన్న కూతురికి తల్లి తన చేతుల ఫోటో ఒకటి ఫోన్‌లో పంపింది. అది చూసి కూతురు కన్నీళ్ళు పెట్టుకుంది. ఆ తల్లి కూడా తన తల్లిని తలుచుకుంటూ ఉంటుందని అనుకుంది. అంతే, అక్కడితో ఆగిపోయింది. రెండో చరణం రాసి ఉంటే చెడిపోయేది. విదేశాల్లో ఉండి అమ్మతో వీడియో కాల్ మాట్లాడి పెట్టేశాక ఈ పాట వినకండి, లేదా అప్పుడే వినండి.

మత్తులో రాసిందని ఎక్కడో చదివాను.

దాచిపెట్టిన విషయమేం కాదు. ‘మదర్’ పుట్టినప్పుడు, ‘స్లో బర్న్’లో కొంత భాగం రాసినప్పుడు ఎల్‌ఎస్‌డీ ప్రభావంలో ఉన్నానని ఆమే ఇంటర్వ్యూల్లో చెప్పింది. దీని మీద ఇంతకంటే చర్చ అనవసరం. అది తీసుకున్నవాళ్ళందరూ ‘మదర్’ రాయలేదు.

ఇందులో ఇంత ప్రేమ ఎవరి మీద?

రస్టన్ కెలీ అనే గాయకుడి మీద. నాష్‌విల్‌లో బ్లూబర్డ్ కెఫే అని చిన్న హాలు ఉంది. పాటల రచయితలే వచ్చి గిటార్ పట్టుకుని తమ పాటలు పాడతారు, శ్రోతలు నోరు మూసుకుని వినాలన్నది అక్కడి నియమం. 2016లో అతను అక్కడ పాడుతుంటే చూసింది. ‘బటర్‌ఫ్లైస్’ ఆ రోజుల్లో పుట్టిన పాటే. 2017 అక్టోబరులో పెళ్ళి, 2020లో విడాకులు. అందుకని పాటలు అబద్ధమైపోవు. పైగా ‘హ్యాపీ అండ్ శాడ్’ అనే పాటలో ఇంత ఆనందం నిలుస్తుందా అన్న భయం ముందే ఉంది. ఆ సంగతి తెలిశాక వింటే ఆ పాట బరువు మారుతుంది.

ఇంత పేరొచ్చిన ఆల్బమ్ కంట్రీ రేడియోలో ఎందుకు వినపడలేదు?

అక్కడి కంట్రీ రేడియో వేరే లోకం. ఒక పాట పైకి రావాలంటే నెలల తరబడి స్టేషన్ల చుట్టూ తిరగాలి, ప్రోగ్రామ్ డైరెక్టర్లని మంచి చేసుకోవాలి. అందులోనూ ఆడవాళ్ళ పాటలకి చోటు తక్కువ. 2015లో ఒక రేడియో సలహాదారు, స్టేషన్ అనే సలాడ్‌లో మగ గాయకులు ఆకుకూర అని, ఆడవాళ్ళు టమాటాలని, వాటిని అక్కడక్కడ వేస్తే చాలని బాహాటంగానే అన్నాడు. పెద్ద గొడవైంది, లెక్కలు పెద్దగా మారలేదు.

ఈమెకి దానికితోడు ఇంకో చిక్కు. 2013 ఆల్బమ్‌లోని ‘ఫాలో యువర్ యారో’లో ఎవరికి నచ్చినవాళ్ళని వాళ్ళు ప్రేమించుకోండి అంది, అబ్బాయిలనైనా, అమ్మాయిలనైనా సరే. గంజాయి ప్రస్తావన కూడా ఉంది. చాలా స్టేషన్లు దాని జోలికి పోలేదు. అదే పాటకి 2014లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఆ ఏటి ఉత్తమ పాట అవార్డు ఇచ్చింది! ‘గోల్డెన్ అవర్’ నాటికి ఆమె రేడియో కోసం ఎదురుచూడటం మానేసినట్టే ఉంది. అదే ఏడాది పాప్ గాయకుడు హ్యారీ స్టైల్స్ అమెరికా కచేరీల్లో ముందు పాడింది. కంట్రీ స్టేషన్ ఎప్పుడూ పెట్టని కుర్రకారు అక్కడే ఆమెని విన్నారు. ఈ ఆల్బమ్ పాట ఒక్కటీ కంట్రీ రేడియో చార్టులో టాప్ 10లోకి రాలేదు. ఆల్బమ్ మాత్రం అమెరికా ఆల్బమ్‌ల ప్రధాన పట్టిక బిల్‌బోర్డ్ 200లో 4వ స్థానంలో, కంట్రీ ఆల్బమ్‌ల పట్టికలో 1వ స్థానంలో మొదలైంది.

గ్రామీలు ఎన్ని?

నాలుగు నామినేషన్లు, నాలుగూ వచ్చాయి. 2019 ఫిబ్రవరి 10న ‘ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్’ కూడా ఈమెకే. పోటీలో డ్రేక్, కార్డీ బీ, పోస్ట్ మలోన్, జనెల్ మోనే, ‘బ్లాక్ పాంథర్’ ఆల్బమ్ ఉన్నాయి. ఆ వేదిక మీదే ‘రెయిన్‌బో’ పాడింది. తుఫాను ఎప్పుడో వెలిసింది, నువ్వింకా గొడుగు పట్టుకునే ఉన్నావు, ఒక్కసారి తలెత్తి చూడు అనే పాట.

‘ఇది కంట్రీనా కాదా’ అనే గొడవ ఆ తర్వాతైనా తీరిందా?

లేదు, ముదిరింది. గ్రామీ వచ్చిన మరుసటి నెలలోనే ‘ఓల్డ్ టౌన్ రోడ్’ అనే ర్యాప్, కంట్రీ కలిసిన పాటని బిల్‌బోర్డ్ కంట్రీ చార్టు నుంచి తీసేశారు. 2021లో మస్‌గ్రేవ్స్‌కే ఆ దెబ్బ తగిలింది. విడాకుల మీద చేసిన ‘స్టార్ క్రాస్డ్’ ఆల్బమ్‌ని గ్రామీ కమిటీ కంట్రీ విభాగానికి పనికిరాదని పాప్‌లోకి తోసింది. ‘గోల్డెన్ అవర్’ కంట్రీ అయినప్పుడు ఇది ఎందుకు కాదని రికార్డు కంపెనీ గట్టిగానే అడిగింది. 2025లో బియాన్సే ‘కౌబాయ్ కార్టర్’ అటు ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్, ఇటు కంట్రీ ఆల్బమ్ రెండూ గెలిచాక, గ్రామీ వాళ్ళు కంట్రీ ఆల్బమ్ అవార్డుని సంప్రదాయ, సమకాలీన అని రెండు ముక్కలు చేశారు. కంట్రీకి గుర్తుగా చూపించే బాంజో మూలాలు ఆఫ్రికావి. ఇందులో స్వచ్ఛమైనది వెతకడం మొదలుపెడితే ఎక్కడా దొరకదు.

నచ్చనివి ఏమీ లేవా?

ఉన్నాయి. ‘వెల్వెట్ ఎల్విస్’ తెలివైన పేరుతో మొదలై పేరు దగ్గరే ఆగిపోయింది. ‘వండర్ వుమన్’ వినడానికి హాయిగానే ఉంటుంది, అయిపోయాక ఒక్క ముక్క గుర్తుండదు. ‘స్పేస్ కౌబాయ్’ తర్వాత ‘హై హార్స్’ వచ్చేదాకా వేగం తగ్గిన మాట నిజం. ముందరి ఆల్బమ్‌లలో ఊరి గుట్టు విప్పే ఎకసెక్కం ఉండేది, అది ఇక్కడ తగ్గిపోయిందని బాధపడే పాత అభిమానులూ ఉన్నారు. వాళ్ళ బాధలో అర్థముంది.

ఆ యాస నాకు అర్థమవుతుందా?

బాగానే అవుతుంది. టెక్సస్ సాగదీత కొంచెం ఉంటుంది కానీ ఆమె మాటలు మింగదు. గొంతు దగ్గరగా, మాట్లాడినట్టు ఉంటుంది. మొదటిసారి సాహిత్యం చూడకుండా వినండి, రెండోసారి చూస్తూ వినండి.

పిల్లలు కారులో ఉన్నప్పుడు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. అక్కడక్కడ పెద్దవాళ్ళ సంగతులు తగులుతాయి, చాలావరకు ఇబ్బంది లేదు. ‘రెయిన్‌బో’ పిల్లలు తొందరగా పట్టేస్తారు.

మొత్తం వినే ఓపిక లేదు. ఏ పాటతో మొదలుపెట్టాలి?

సినిమా పాటల ఊపు కావాలంటే ‘హై హార్స్’. సాహిత్యం మీద మనసుంటే ‘స్పేస్ కౌబాయ్’. ఇళయరాజా గిటార్ బిట్లని విడిగా వినే రకమైతే ‘స్లో బర్న్’. షఫుల్ మాత్రం పెట్టొద్దు. ‘హై హార్స్’ మోత తర్వాత టైటిల్ పాట నెమ్మది, ఆ తర్వాత ‘రెయిన్‌బో’, ఆ వరసలో వింటేనే చివరి మూడు పాటలు పనిచేస్తాయి.

ఇది నచ్చితే తర్వాత ఏం వినాలి?

వెనక్కి వెళ్ళి 2013 నాటి ‘సేమ్ ట్రైలర్ డిఫరెంట్ పార్క్’ వినండి. ‘మెర్రీ గో రౌండ్’ అనే పాటలో చిన్న ఊరి జీవితాన్ని ఎంత నవ్వుతూ కోసిందో తెలుస్తుంది. ముందుకైతే 2024 నాటి ‘డీపర్ వెల్’, అందులోనూ ‘ది ఆర్కిటెక్ట్’. ‘స్టార్ క్రాస్డ్’ని మూడోదిగా ఉంచుకోండి. గాయకుడు జాక్ బ్రయన్‌తో కలిసి పాడిన ‘ఐ రిమెంబర్ ఎవ్రీథింగ్’ 2023లో బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి వెళ్ళింది కాబట్టి అది మీరు ఇప్పటికే ఏ రీల్‌లోనో వినే ఉంటారు.